ముహూర్తం తప్పిన ఇంజిను

ఒక ఇంజినును, ఒక లుంగీని, ఒక కుటుంబ గౌరవాన్ని ఒకే పూటలో తగలబెట్టిన మనిషిని మీరు చూసి ఉండరు. తొందరేం లేదు. ఇక్కడి నుంచి చివరిదాకా మీ ప్రయాణం అతనితోనే.

ముందుగా ఒక మనవి. మా గుడియాత్తం వైపు తెలుగు ఇళ్ళలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మా మునిరత్నం మామ అందులో ఒకడు. ఆ ధైర్యంతోనే ఇది తెలుగులో రాస్తున్నాను. దయచేసి మీలో ఎవరూ ఆయనకు చదివి వినిపించకండి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. వేలూరులో శేఖరన్న అనే ఆయన షెడ్డులో ఆరు నెలలు పనిచేసి ఊరికి తిరిగొచ్చాను. పందెం కార్ల ఇంజిన్లకు ట్యూనింగ్ చేయడం ఆయన పని. పాత కారులో కార్బురేటరు పీకేసి, ఇంజెక్షను పెట్టి, దాన్ని నడిపే కంప్యూటరు పెట్టె బిగించి, లాప్‌టాప్‌లో అంకెలు మారుస్తాడు. నిండు కుండ తొణకదంటారు. సగం నేర్చినవాడి లాప్‌టాప్ మూతపడదు. నేను టిఫిను తినేటప్పుడు కూడా దాన్ని తెరిచే పెట్టుకునేవాడిని.

ఈ విద్యలో ప్రాణం టైమింగు. పిస్టను పైకొచ్చి పెట్రోలునీ గాలినీ నొక్కుతుంది. అది పైకి చేరడానికి రవ్వంత ముందు ప్లగ్గులో రవ్వ పడాలి. పెళ్ళిలో తాళి కట్టినట్టే అనుకోండి. మరీ ముందు కడితే పెళ్ళికూతురు ఇంకా పీటల మీదికి రాలేదు. ఆలస్యమైతే బంధువులంతా భోజనాల పంక్తిలో ఉంటారు. ఇంజినులో ఆ భోజనాల పంక్తి పేరు సైలెన్సరు.

ఆ ముహూర్తం కుదిరిందో లేదో చూడటానికి ఇంజిను ముందువైపు తిరిగే పుల్లీ మీద ఒక గీత ఉంటుంది. దాని మీదికి టైమింగ్ లైటు పట్టుకుంటే, రవ్వ పడిన ప్రతిసారీ లైటు మెరిసి, గీత కదలకుండా నిలబడినట్టు కనిపిస్తుంది. అది పక్కనున్న కొలతలో పది దగ్గర నిలబడాలి. శేఖరన్న ఒకే మాట వందసార్లు చెప్పేవాడు. "లాప్‌టాప్ వకీలు మాదిరి, ఏమైనా చెప్తాది. గీత సాక్షి. సాక్షిని వేలితో తాకి చూడాల. కండ్లను నమ్మబాకు."

నేను కళ్ళను నమ్మాను. కథ ఇంతే. కానీ ఇంతకే వదిలితే మీరూ ఊరుకోరు, నేనూ ఊరుకోను.

మామకు గుడియాత్తంలో లుంగీల అంగడి. ఇంటి పక్కన ఖాళీ షెడ్డు. అందులో ట్యూనింగు అంగడి తెరవాలని నా కోరిక.

"నిప్పు ఎప్పుడు పడాల, పెట్రోలు ఎంత పోయాల, అంతా నేను రాసేదే మామా," అన్నాను.

"అగ్గిపెట్టెలు చేసే ఊర్లో పుట్టినోడివి. నిప్పు అంటించేది వేలూరోళ్ళు నేర్పినారా నీకు?" అన్నాడు మామ.

అయితే ఆయనకూ ఒక నొప్పి ఉంది. ఆయన షడ్డకుడు, అంటే మా అత్త చెల్లెలి మొగుడు, ఒడుగత్తూరు షణ్ముగం మామ. ఒడుగత్తూరు దగ్గర ఒక మామిడితోటలో మట్టిబాట మీద ఏటా కార్ల పందెం జరుగుతుంది. ఒక్కో కారు విడిగా పోవాలి, గడియారం పెట్టి చూస్తారు. షణ్ముగం మామ వరసగా మూడేళ్ళు మా మామకన్నా ముందు వచ్చాడు. ఆ మూడేళ్ళూ మామ షడ్డకుడి ఇంట్లో కాఫీ తాగలేదు.

"సరేప్పా," అన్నాడు మామ. "నా కారు తీసుకో. షణ్ముగాన్ని దాటిందా, షెడ్డు నీది. దాటలేదా, సోమవారం నుంచి అంగట్లో కూర్చుని లుంగీలు కత్తిరిస్తావు. జన్మంతా."

జన్మంతా అన్న మాటను ఆయన ఇడ్లీ మీద పొడి చల్లినంత తేలిగ్గా అన్నాడు.

వారం రోజుల్లో కారులో ఇంజెక్షను బిగించాను. పుల్లీ మీద గీత వెతికి, చక్కగా తెల్ల రంగు పూశాను. టైమింగు ఒక్కటే మిగిలింది. అది పండగయ్యాక చూద్దామనుకున్నాను. ఆ పండగ ఆయుధపూజ.

ఆయుధపూజకు మా ఇంట్లో రెండు ఘట్టాలు. మొదటిది మామ చేతిలో ఉంటుంది, కడగడం. ఆయన కారు మూత తెరిచి, డీజిలు పోసి, తీగబ్రష్షుతో ఇంజినును పీటలెక్కే పెళ్ళికొడుకును రుద్దినట్టు రుద్దాడు. రెండోది అత్త చేతిలో ఉంటుంది, బొట్లు. తిరిగేదీ, కోసేదీ, తూచేదీ ఏదీ మా అత్త బొట్టు తప్పించుకోలేదు. మిక్సీకి, ఫ్యానుకి, కత్తెరకి, మామ కళ్ళజోడు డబ్బాకి కూడా బొట్టే. ఆమె తీసిన చందనం ఎండితే సిమెంటు.

ఆ సమయంలో నేనెక్కడ ఉన్నాను? మంచం మీద లాప్‌టాప్‌తో, రాబోయే నా షెడ్డుకు బోర్డు గీసుకుంటూ ఉన్నాను.

మర్నాడు టైమింగు పెట్టడానికి కూర్చున్నాను. లైటు పట్టాను. పుల్లీ మీద తెల్లటి చుక్క తళుక్కుమంది. మధ్యలో కొంచెం ఎర్రగా ఉంది. తుప్పు కాబోలు అనుకున్నాను. అవును, అనుకున్నాను. నవ్వకండి, ఇంకా చాలా ఉంది.

అంకెలు మార్చి మార్చి ఆ చుక్కను పది దగ్గర నిలబెట్టాను. ఇంజిను దగ్గింది. ఉమ్మింది. సైలెన్సరులో ఢామ్మంది. పక్కింటి కోడి గోడ దూకింది.

"ఏమప్పా ఆ శబ్దం?" అని లోపల్నుంచి మామ.

"పర్ఫార్మెన్సు మామా."

లాప్‌టాప్ చూశాను. పొగలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అంటోంది. పాపం, బిడ్డకు ఆకలి అనుకుని పెట్రోలు పెంచాను. ఢాం, ఢాం. ఇంకా తక్కువే అంటోంది. ఇంకా పెంచాను. అసలు సంగతేమిటంటే, రవ్వ ఆలస్యంగా పడి ఇంజిను ముద్ద మింగలేక కక్కుతోంది. నేనేమో కక్కేకొద్దీ తినిపిస్తున్నాను. ఆలస్యం అమృతం విషం అన్న పెద్దలు ఏదో ఒక షెడ్డులో పనిచేసే ఉంటారు.

"పందెం కార్లు ఇట్లనే అరుస్తాయా?" అన్నాడు మామ బయటికొచ్చి.

"కండిప్పా అరుస్తాయి మామా. అరవకపోతేనే భయపడాల."

ఆయన నమ్మాడు. నమ్మడమే కాదు, ఆదివారం ఒడుగత్తూరు తోటలో కారు వెనక బంపరుకు ఒక కొత్త పచ్చలుంగీ జెండాలా కట్టాడు. "షణ్ముగం మన వెనకే చూస్తా ఉంటాడు కదా, మన సరుకు కూడా చూడనీ," అన్నాడు.

షణ్ముగం మామ కారు ముందే పోయి వచ్చింది, రెండు నిమిషాల పది సెకన్లు. తరువాత మేము. మామ నడుపుతున్నాడు. ఒడిలో లాప్‌టాప్‌తో పక్కన నేను. జెండా ఊపారు. మామ తొక్కాడు. కారు ముందుకు పోవాలా వద్దా అని ఇంటి పెద్దలను అడిగి వస్తానన్నట్టు కాసేపు ఆలోచించి, ఢాం అని ఒక అడుగు వేసింది.

"పోతా లేదప్పా."

"తొక్కండి మామా."

"తొక్కే ఉండాను. ఇంక తొక్కితే కాలు నేలకు తగుల్తాది."

మొదటి మలుపులో జనం చప్పట్లు కొట్టారు. రెండో మలుపులో చప్పట్లు ఆపి పరుగెత్తారు. మామ పొంగిపోయాడు. "చూస్తివా, మనతో పాటే పరుగెత్తుతా ఉండారు."

"మామా, వాళ్ళు బిందెలు పట్టుకోనుండారు."

వెనక్కి తిరిగి చూశాను. సైలెన్సరు గొట్టం ఎర్రగా కాలిపోయి, దాని నోట్లోంచి మూరెడు మంట వస్తోంది. పచ్చలుంగీ పచ్చగా లేదు. సగం లుంగీగా కూడా లేదు.

గడియారం నాలుగు నిమిషాలు దాటాక ముగింపు గీత చేరాము. తోట కాపలా కుక్క మాకన్నా ముందే చేరి, మాకోసం వెనక్కి చూస్తోంది. చూసేవాళ్ళకోసం తెచ్చిన మజ్జిగ బిందెను అత్త బంపరు మీద కుమ్మరించింది. కరివేపాకు కమ్మగా మాడింది. ఇంట పేలి రచ్చ పేలడమంటే అదే.

షణ్ముగం మామ వచ్చి, "దీపావళి ఈ ఏడు మీకు ముందే వచ్చినట్టుండాదే అన్నా," అన్నాడు. మామ నా వైపు చూశాడు. ఆ చూపులో నేను లుంగీలు కత్తిరిస్తున్నాను, జుట్టు నెరిసిపోయి ఉంది.

నాకు రోషం వచ్చింది. "టైమింగు తప్పు కాదు మామా. కావాలంటే చూడండి." మూత తెరిచి, తుమ్ముతున్న ఇంజిను మీదికి లైటు పట్టాను. చుక్క సరిగ్గా పది దగ్గర, పూజగదిలో దేవుడిలా కదలకుండా నిలబడింది. "సాక్షి," అన్నాను గంభీరంగా.

అందరూ వంగి చూశారు. అత్త కూడా వంగింది.

"నాయనా," అంది అత్త. "అది నేను పెట్టిన బొట్టు కదా."

నేను లైటు ఆర్పలేదు. ఆర్పితే అందరి ముఖాలూ చూడాల్సి వస్తుంది.

"చక్రం కనపడితే పెట్టినానప్పా. వారమైనా చెరగలేదు చూడు," అని కూడా అంది, కొంచెం సంతోషంగా.

షణ్ముగం మామ ఇంజిను ఆపించి, పుల్లీని వేలితో తడిమాడు. రెండు వేళ్ళ దూరంలో అసలు గీత దొరికింది. దాని మీద నేను పూసిన రంగును మామ తీగబ్రష్షు ఎప్పుడో కైలాసం చేర్చింది. రెండు వేళ్ళంటే ముప్ఫై డిగ్రీలు. తాళి కట్టాల్సిన వేళకు పెళ్ళికొడుకు ఇంకా జోలార్పేటలో రైలు మారుతున్నాడన్నమాట.

మామ తిట్టలేదు. "సోమవారం తొమ్మిదికి అంగడి తెరుస్తాను," అన్నాడు.

సోమవారం తొమ్మిదికి బల్ల ముందు కూర్చున్నాను. బట్టల తానులోంచి గుడ్డ లాగి, బల్ల అంచున కొలతకు కొట్టిన మేకు దగ్గర కత్తిరించాలి, రెండు మీటర్లు. అంచు చూశాను. అక్కడ ఎండిన చందనపు చుక్క ఒకటి నన్ను చూసి నవ్వుతోంది.

ఒక్కసారి మోసపోయాను గానీ, రెండోసారి మోసపోవడానికి నేనేమన్నా మూర్ఖుడినా? శేఖరన్నను తలచుకుని, కళ్ళు మూసుకుని, వేలితో అంచంతా తడిమాను. చుక్కకు జానెడు ఇవతల మేకు తగిలింది. అమ్మయ్య అనుకుని, మధ్యాహ్నం దాకా అక్కడే కత్తిరించాను. నలభై లుంగీలు. చేయి తిరిగింది కూడా.

రెండో రోజు ఒక పెద్దమనిషి వచ్చాడు. ఒక చేత్తో లుంగీ గట్టిగా పట్టుకున్నాడు, రెండో చేత్తో నన్ను చూపించాడు. "మోర్ధానా బస్సు మెట్టు ఎక్కినానప్పా. చుట్టు సరిపోలా. బస్సులో ఉండే జనమంతా కిటికీ పక్కకు తిరిగినారు."

వెనకే ఇంకో ఇద్దరు వచ్చారు, అదే భంగిమలో.

మామ బల్ల దగ్గరికి పరుగెత్తాడు. అత్తను పిలిచాడు. అత్త అంచు చూసి నెత్తి కొట్టుకుంది. "అది పూజకు పూలదండ తగిలించిన మేకు నాయనా. కొలత మేకు ఈడుండాది." చందనపు చుక్కను గోటితో గీకింది. దాని కింద ఇత్తడి మెరిసింది. "అన్నం పెట్టే మేకు ఇదే కదా, బొట్టు దీనికి పెట్టకుండా ఇంక యాడ పెడతాను?"

మామ జేబులోంచి షెడ్డు తాళం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఓడిపోయినాను కదా మామా," అన్నాను.

"నువ్వు ఇంజిను చెడిస్తే ఒక కారు నిలిచిపోతాదప్పా. ఈడ కూర్చుంటే ఊరి మానం నిలవదు. పో."

అలా ఓడి గెలిచిన షెడ్డులోనే ఇప్పుడు కూర్చుని ఇది రాస్తున్నాను. ఏటా ఆయుధపూజకు అత్త వచ్చి ముందు నా నుదుటిన చుక్క పెట్టి, "దీనికి లైటు కొట్టబాకు నాయనా," అని గుర్తు చేసి పోతుంది.

కనుక చదువరులారా, లాప్‌టాప్ మూసి, దాని మీద చేయి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. గీతను తాకకుండా ఏ ఇంజినుకూ నిప్పు పెట్టను. ఇంటి ఆడవాళ్ళను అడగకుండా ఏ బొట్టునూ నమ్మను, ఏ బొట్టునూ అనుమానించను. ఇక లుంగీ అంటారా, కత్తెర పట్టడం మాట అటుంచి, కట్టుకోవడం కూడా మానేశాను. నేను ఎన్ని కత్తిరించానో నాకు తెలుసు, ఎన్ని వెనక్కి వచ్చాయో మామకు తెలుసు. ఆ రెండు లెక్కలూ ఇప్పటికీ కలవలేదు.