సారు బొక్కలు ఎవరికి?

మా జీవశాస్త్రం సారు పోయారు. యాచారం రోడ్డులో ఆటో నడిపే నా చిన్ననాటి క్లాస్‌మేట్ పొద్దున్నే ఫోన్ చేసి, "అరే, సారు లేడు రా. జల్ది రా, ఆడ పాడె గడ్తున్నరు" అన్నాడు. మొదటి మాటకు లేచి చొక్కా వేసుకున్నాను. చివరి మాటకు ఒళ్లు మండింది.

సారుకు పాడె అక్కర్లేదు. తన దేహాన్ని వైద్య కళాశాలకు ఇవ్వాలని కాగితం రాసి, సాక్షిగా నాతో సంతకం పెట్టించుకున్నారు. "నా బొక్కలు జూసి పిల్లలు నేర్వాలె. మావోళ్లు అడ్డం పడ్తరు. నువ్వు పేపర్ల రాసేటోనివి, కొట్లాడేటోనివని నీకు జెప్తున్న" అన్నారు. కాగితం ఉన్నా, ఇంటివాళ్లు ఒప్పుకోకపోతే దేహం గడప దాటదని కూడా ఆయనే హెచ్చరించారు.

ఇబ్రహీంపట్నంలో వాళ్లింటి ముందు దిగేసరికి సారు అన్న వాకిట్లో పాడెకు వెదురు కోస్తున్నాడు. కాగితం సంగతి అడిగితే, "ఏ కాగితం?" అన్నాడు. దాచేశాడనుకున్నాను. ఒకప్పటి హెడ్మాస్టరు దండ తెచ్చి "గొప్ప సైన్సు మాస్టరు" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. పరిణామం పాఠం పరీక్షల్లో రాదు, వదిలెయ్యమని సారుతో గొడవపడింది ఈయనే. ఆ కన్నీళ్లనూ నేను నమ్మలేదు. మీకిది మర్యాద తక్కువగా అనిపించొచ్చు. అనిపించనివ్వండి. అనుమానించడం నాకు నేర్పిందే ఆ సారు.

తొమ్మిదో తరగతిలో ఒకరోజు రెండు గ్లాసుల్లో నిమ్మరసం పోసి, ఒకదాంట్లో సముద్రపు గవ్వ ముక్క, ఇంకోదాంట్లో కోడి కాలి బొక్క వేశారు. గవ్వ బుసబుసా నురగ కక్కింది. బొక్క ఊరికే మునిగింది. రెండూ ఏమిటని అడిగితే నేను లేచి "సున్నం సార్" అన్నాను. మా తాత చెరువులో నత్తగుల్లలు ఏరి కాల్చి సున్నం చేసేవాడు. తెల్లగా, గట్టిగా ఉండేదేదైనా నాకు సున్నమే.

"ఎవడు జెప్పిండు?"

"మీరే జెప్పిన్రు సార్, బొక్కల కాల్షియం ఉంటదని."

"నేను జెప్పిన్నని నమ్ముతవా? రెండిట్ల కాల్షియం ఉంటే రెండు ఒకటే అయితయా? మరి ఇది ఎందుకు నురగ గక్కలే? జర గీకి సూడు."

గవ్వలోది కార్బొనేటు, బొక్కలోది ఎక్కువగా ఫాస్ఫేటు అని ఆ పీరియడు చివరికి తెలిసింది.

సారు రిటైరయ్యాక కూడా చదవడం మానలేదు. బస్టాండు దగ్గరి హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని సముద్రం గురించి చెప్పేవారు. గవ్వ, పగడం, చేప ఎవరి అస్థిపంజరం వాళ్లు వేరువేరుగా కట్టుకున్నారట. కట్టించే జన్యువులు మాత్రం చాలావరకు పాతవేనట, గట్టి ఎముక పుట్టకముందు వేరే పనుల్లో ఉన్నవేనట. సముద్రం అడుగున ముళ్లబంతిలా ఉండే సీ అర్చిన్‌కు కంటికి ఆనని పిల్ల దశలోనే లోపల సన్నని కడ్డీలు పుడతాయి. దాని చుట్టం స్టార్‌ఫిష్‌కు పెద్దయ్యాకే అస్థిపంజరం. ఎందుకు? పెద్దయ్యాక పని మొదలుపెట్టాల్సిన జన్యువుల ఏర్పాటు సీ అర్చిన్‌లో ముందే మేల్కొంది. ఆ కడ్డీలకు దారి చూపే సంకేతం లాంటిదే మన ఒంట్లో రక్తనాళాలకు దారి చూపుతుందట.

"కొత్త మోటరు గాదు రా. పాత మోటరే, జర ముందుగాల స్టార్టర్ వత్తినట్టు."

నాకు వెంటనే అనుమానం. "వత్తిందెవరు సార్? ఇట్లనే మెల్లగ దేవుణ్ణి దెస్తరు."

ఆయన చాయ్ పొలమారేలా నవ్వారు. "ఎవ్వరు వత్తలే. దానంతటదే జరిగింది. పనికొచ్చింది, మిగిలింది." గ్లాసు కింద పెట్టి, "నీ అనుమానం మంచిదే గని, ఎప్పుడు అవుతలోళ్ల మీదనే పోతది" అన్నారు.

ఆ వాకిట్లో మాత్రం నేను ఎవరినీ వదల్లేదు. సారు అన్న కూడా తగ్గలేదు. "కాలవెట్టకుంటే మూడొద్దులకు బూడిదల ఏం ఏరాలె? బొక్కలు లేకుంటే గంగల ఏం గల్పాలె? నీ పేపరు గల్పాల్నా?" అన్నాడు. నేను సారు భార్య వైపు తిరిగాను. ఆమెను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. "అమ్మా, మీరన్న జెప్పుండ్రి" అని అరిచాను. భయపడి బావ మాటకే తలూపుతుందని లోపల అనుకుంటూనే అరిచాను.

"అరువకు బిడ్డా. మనిషిని ముంగట వెట్టుకొని గా లొల్లేంది?" అని, కొంగు ముడి విప్పి మడతపెట్టిన కాగితం తీసింది. "నిన్నటి సంది నా దగ్గర్నే ఉంది. ఈయనకిస్తే పొయ్యిలేస్తడు. నీకిస్తే పేపర్ల ఏస్కుంటవ్. అందుకే ఎవ్వరికియ్యలే."

నా గురించి ఆమె అనుమానం తప్పు కాదు. ఇదిగో, రాస్తూనే ఉన్నాను.

తర్వాత బావ వైపు తిరిగింది. "బావా, మూడొద్దులకు పిట్టకు ముద్ద పెడ్దం. అండ్ల తక్కువ జెయ్య. బొక్కలు పిల్లలు ఏరుకుంటరు."

ఆయన కత్తి కింద పెట్టి, అరుగు మీద కూలబడ్డాడు. ఆమె ఒప్పుకుంటూ సంతకం పెట్టింది. మధ్యాహ్నానికి కళాశాల వ్యాను వచ్చింది.

స్ట్రెచర్ మీద పడుకోబెట్టినప్పుడు సారు కుడి కాలు వంగి ఉండిపోయింది. అటెండరు నొక్కబోతే ఆమె చేయి అడ్డం పెట్టి, తానే వంగి, పసిపిల్లకు నూనె రాసినట్టు తొడ నుంచి మడమ దాకా మెల్లగా నిమురుతూ ఆ కాలిని తిన్నగా చాపింది. వ్యాను తలుపు మూసేదాకా ఆమె అరచేయి ఆయన మోకాలి చిప్ప మీదే ఉంది.