మావయ్యగారి గుండెలో పూడిక

మావయ్యగారికీ నాకూ పడదని మా వీధిలో చాలామంది నమ్మకం. పొద్దున్న కాఫీ దగ్గర మొదలైన వాదన రాత్రి మజ్జిగన్నం దాకా సాగుతుంటే ఎవరైనా అలాగే అనుకుంటారు. నిజానికి ఆ ఇంట్లో నా మాట ఆసాంతం వినే ఓపిక ఆయనొక్కరికే ఉండేది. విన్నాక ఒప్పుకోరు, అది వేరే సంగతి.

ఒక వేసవిలో ఆయనకు గుండెపోటు వచ్చింది. రాజమండ్రి తీసుకెళ్తే మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంటు వేశారు. మందులు ఏ ఒక్కటీ మానొద్దని మరీ మరీ చెప్పి పంపారు. కొన్నాళ్లకు గోడ గూడు సర్దుతుంటే కొలెస్ట్రాల్ మాత్రల షీట్లు చింపకుండా కనిపించాయి. మిగతావన్నీ వేసుకుంటున్నారు, వీటిని మాత్రం వదిలేశారు.

అడిగితే దాపరికమేమీ లేదు.

“పూడిక తీయించేశాం కదమ్మా. నీళ్లు పారుతున్నాయి. ఇంకా ఈ మాత్ర దేనికి?”

కాలువ చిట్టచివర శివారు పొలమున్న రైతు మరి. ఏటా కాలువకు నీళ్లు కట్టేసిన రోజుల్లో పూడిక తీయించమని ఇరిగేషన్ ఆఫీసు చుట్టూ తిరిగిన మనిషి. ఆయన లెక్కలో గుండె కూడా శివారు చేనే.

పాలకొల్లులో కాలేజీ పిల్లలకు జువాలజీ చెప్పేదాన్ని, ఊరుకుంటానా? అది గొట్టంలో పేరుకున్న బురద కాదు, గోడలో రేగిన వాపు అన్నాను. కొవ్వు రక్తనాళం గోడలోకి దిగితే, దాన్ని ఎత్తిపోయడానికి రక్తంలోని రక్షణ కణాలు వెళ్తాయి. దొరికింది దొరికినట్టు మింగుతాయి. కణం బాగున్నన్నాళ్లు తన లోపలి చెత్తను తానే అరిగించుకుని శుభ్రపడుతుంది. ఇది డిగ్రీ పాఠమే. మేత మితిమీరితే ఆ అరుగుదల కుంటుపడి, కణం నురగలా ఉబ్బి అక్కడే చస్తుందనీ, దాంతో వాపు ఇంకా రాజుకుంటుందనీ ఆ మధ్యే ఒక పత్రికలో చదివాను. గోడలో లేచిన ఆ ఉబ్బు పగిలిందా, రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది.

ఆయన వక్కపలుకు నములుతూ అంతా విన్నారు.

“అయితే పూడిక తీయడానికెళ్లిన కూలీలే తిండెక్కువై కాలువలో పడి చచ్చారంటావు.”

“అవునండి. స్టెంటు వేసింది ఒక్క తూము దగ్గర. మిగతా కాలువ మాటేంటి?”

“అక్కడ నీళ్లు బానే పారుతున్నాయని డాక్టరుగారన్నారుగా.”

ఇక్కడే దొరికిపోయారు. కిందటేడు ఇరిగేషన్ ఇంజనీరుగారు కూడా అచ్చంగా అదే అన్నారు. నీళ్లు పారుతున్నాయి, ఈ ఏడు పని అక్కర్లేదని. అప్పుడు ఆఫీసు వరండాలో నిలబడి పదిమంది వినేలా ఈయన అన్న మాట ఇంటికొచ్చి నాకు చెప్పి మురిసిపోయారు. దాన్నే వడ్డీతో సహా అప్పజెప్పాను.

“నీళ్లు పారుతున్నప్పుడే గుర్రపుడెక్క పుడుతుందండి, ఏటా తీయకపోతే తీసినట్టే కాదు. ఎవరన్నారు మావయ్యగారూ ఈ మాట?”

పైపంచె దులుపుకుని వీధరుగు మీదికి వెళ్లిపోయారు. ఎక్కువ అన్నానేమోనని సాయంత్రందాకా గుమ్మంలోంచి తొంగిచూస్తూనే ఉన్నాను. గెలిచినందుకు సంతోషమూ లేదు. ఆయన అలిగితే ఆ ఇంట్లో నాతో వాదించేదెవరు?

రాత్రి భోజనాలయ్యాక ఆయనే షీటు తెచ్చి నా ఎదుట కూర్చున్నారు. మాత్ర వేసుకుని, చెంబెడు నీళ్లు తాగి, చిన్నపిల్లాడిలా నోరు తెరిచి చూపించారు.

“చూసుకోండి, ఇంజనీరుగారూ.”

ఆ తర్వాత ఏ రాత్రీ ఆ తనిఖీ తప్పలేదు.