రెబెకమ్మ సొంత కాగితం

ఉదయగిరి కొండ కింద వీధిలో కృపా సేవాసంఘం వారి ఇల్లు ఉండేది. దిక్కులేని విధవరాండ్రు పదహారు మంది అందులో బతికేవాళ్లు. వాళ్ల తిండీ బట్టా చూస్తూ, కుట్టుపనీ చదువూ నేర్పే మనిషి రెబెకమ్మ. ఆమె భర్త సైమన్ కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేస్తూ కామెర్లతో చనిపోయాడు. ఆయన పోయిన రెండేళ్లకు, 1993లో, చర్చి పెద్దలు పెట్టిన ఈ సంఘానికి ఆమె కార్యదర్శి అయింది. రిటైరైన హెడ్‌మాస్టరు ప్రేమానందం అధ్యక్షుడు.

పనిలో రెబెకమ్మకు వంక పెట్టినవాళ్లు లేరు. సంఘం తరఫున నెలనెలా దాతలకు వెళ్లే వార్తాపత్రిక కూడా ఆమే రాసేది. ఎవరు కుట్టు నేర్చుకున్నారు, ఎవరు సంతకం పెట్టడం నేర్చారు, ఏ బైబిలు వాక్యం ధ్యానించారు, అన్నీ పద్ధతిగా ఉండేవి.

అది కాక ఆమెకు తన సొంత రాత ఒకటి ఉండేది. రెండు నెలలకొకసారి పొడవాటి తెల్లకాగితం మీద రెండు వైపులా తన సంగతులు రాసేది. శనివారం బస్సెక్కి ఆత్మకూరు పోయి, బస్టాండు ఎదురుగా మాలకొండయ్య జిరాక్స్ అంగట్లో కాపీలు తీయించి, స్నేహితులకూ చుట్టాలకూ పోస్టు చేసేది. అత్తతో పడిన కొట్లాట, ఎండాకాలం కొండ మీద గడ్డి కాలిన వాసన, సైమన్ స్తంభం మీద నుంచి వేసే ఈల, ఇలాంటివే అందులో ఉండేవి. మాలకొండయ్య కాపీలు తీస్తూ తీస్తూ మొదటిది తానే చదివేసేవాడు.

1996 నవంబరు కాగితంలో ఆమె ఇలా రాసింది: "సైమన్ పోయాక పదకొండు నెలలు నేను ప్రార్థన చేయలేదు. అందరితో పాటు మోకరించేదాన్ని, కళ్లు మూసుకునేదాన్ని. లోపల మాత్రం దేవుడితో మాటల్లేవు. నాకు ఆయన మీద కోపం."

ఆ కాగితం ఎవరి చేతిలో నుంచి వచ్చిందో గాని, ఆదివారం ఆరాధన అయిపోగానే ప్రేమానందం చేతిలో ఉంది. కమిటీ వాళ్లంతా చర్చి వరండాలో కూర్చున్నారు.

"ఏందమ్మా ఇది? దైవసేవ చేసే మనిషి రాసే రాతలేనా?" అన్నాడాయన.

"అది సైమన్ పెళ్లాం రాసింది, సార్. కార్యదర్శి రాసేది నెలనెలా మీరు చూస్తానే ఉండారు గదా."

"చదివేవాళ్లకి ఇద్దరూ ఒకటే. నువ్వు ప్రార్థన మానేసినానంటే సంఘమే మానేసిందనుకుంటారు."

కమిటీ సభ్యుడు జోయల్ మధ్యలో కల్పించుకున్నాడు. "రాసుకో అక్కా, వద్దనలా. ముందు మాకు చూపించి పంపు, అంతే."

రెబెకమ్మకు ఒళ్లు మండింది. "నాకు ఏడుపొస్తే దానికీ తీర్మానం చేస్తారా? చూపించను. మానను కూడా. ఒక్కటి మాత్రం నా తప్పే. కవర్ల మీద ఫ్రమ్ అడ్రసు సంఘానిది రాసినాను. అది దిద్దుకుంటాను" అంది.

మరుసటి శనివారం సంగతి విని మాలకొండయ్య నవ్వాడు. "మా అంగడి అడ్రసు పెట్టుకోక్కా. ఉత్తరాలొస్తే తీసి పెడతా. నాకేం కమిటీ లేదు గదా." అప్పటినుంచి కాగితం తలమీద ఒక వాక్యం కనిపించేది: ఇది నా సొంత రాత, ఏ సంఘానికీ దీనితో సంబంధం లేదు.

సంఘం ఇంట్లో ఉండే వెంకమ్మ ఆ గొడవ విన్నది. అరవై దాటాక రెబెకమ్మ దగ్గరే అక్షరాలు దిద్దిన మనిషి. "టీచరమ్మా, ఆ కాగితం నాకూ ఒకటియ్యి" అని అడిగింది. రెబెకమ్మ తటపటాయించింది. ఆ ఇంటివాళ్లెవరికీ ఆమె ఎన్నడూ తన రాతలు ఇవ్వలేదు. చివరికి ఇచ్చింది. వెంకమ్మ అక్షరాల కింద వేలు పెట్టుకుని మూడు రోజులు చదివింది. నాలుగో రోజు బియ్యం ఏరుతూ, తలెత్తకుండా, "నాకింకా కోపం పోలా, టీచరమ్మా" అంది. రెబెకమ్మ ఆమె పక్కన కూర్చుని చాట తన వైపు జరుపుకుంది. ఆ మాట తన కాగితంలోకీ ఎక్కించలేదు, సంఘం పత్రికలోకీ ఎక్కించలేదు. అది వెంకమ్మది.

మరుసటి ఏడాది వానలప్పుడు, సంఘానికి సాయం చేసే మద్రాసు సంస్థ నుంచి సుధారాణి అనే ఆమె వచ్చింది. ఇల్లంతా చూసి, కాఫీ తాగి, చేతులు మారి తనదాకా వచ్చిన ఆ నవంబరు కాగితాన్ని, మడతలు పడినదాన్ని, సంచిలోంచి తీసింది.

"ఇది చదివి నేను ఏడ్చాను. మీ ఫొటోతో, సంఘం పేరుతో మా పత్రికలో వేస్తాం. ఎంతమంది మనసులు కరుగుతాయో!"

ప్రేమానందం ముఖం విప్పారింది. "మేమూ అదే అనుకుంటా ఉండాం మేడమ్."

"వద్దు" అంది రెబెకమ్మ. "పోయినేడు తప్పన్న రాత ఇయ్యాళ ఎట్లా ఒప్పయింది, సార్?"

ఆయన గొంతు తగ్గించాడు. "సంఘానికి మేలు జరిగేదానికి అడ్డం పడొద్దమ్మా."

"మేడమ్, ఈ ఇంటి సంగతులు ఎన్నయినా రాసిస్తాను, వీళ్లు సరేనంటే. నా మొగుడి చావు చూపించి సంఘానికి పేరు తెచ్చుకోను."

"అట్లయితే నీకు కార్యదర్శి పదవెందుకు?" ప్రేమానందం మినిట్స్ పుస్తకం తెరిచి పెన్ను క్యాపు తీశాడు.

"రాయండి సార్, సంతకం పెడతాను. రేపట్నించి వీళ్లకి పాఠం ఎవరు చెప్తారో అది కూడా అందులోనే రాయండి."

గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్లు కదల్లేదు. వెంకమ్మ తలుపు రెక్క పట్టుకుని ఆయన వైపే చూస్తోంది. ప్రేమానందం పెన్నుకు క్యాపు మళ్లీ పెట్టేశాడు. సుధారాణి కాగితం మడుస్తూ నెమ్మదిగా అడిగింది: "పత్రికలో వెయ్యం. నా ఒక్కదానికైనా పంపుతారా?"

"అడ్రసియ్యండి. మీ ఆఫీసుది వద్దు, ఇంటిది."

రెబెకమ్మ పదవిలోనే ఉంది. కాగితమూ ఆగలేదు. ఒకరిద్దరు చుట్టాలు తమకు పంపొద్దని రాశారు, ఎక్కడెక్కడివాళ్లో తమకూ పంపమని రాశారు. మాలకొండయ్య తన గల్లాపెట్టె పక్కన ఆమె ఉత్తరాలకని ఒక అట్టపెట్టె పెట్టాడు. ప్రేమానందం మాత్రం మెత్తబడలేదు. 1999లో సంఘం వార్షిక కూటంలో, అందరి ముందూ లేచి, గొంతు సవరించుకుని ప్రకటించాడు:

"మన కార్యదర్శిగారు సొంతంగా రాసే రాతలకూ మన సంఘానికీ ఎటువంటి సంబంధమూ లేదని తెలియజేస్తా ఉండాను."

ఆడవాళ్ల వైపు చాప మీద నుంచి రెబెకమ్మ అందరికన్నా గట్టిగా "ఆమేన్" అంది.