టేపులో నా ఆహాకారం

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, పాట వినడమంటే వినేవాడి నోరు కూడా కొంచెం ఆడాలని మా వాళ్ల నమ్మకం. ముందు వరుసలో కూర్చున్నవాళ్లు ‘ఆహా’, ‘భేష్’ అనకపోతే పాడేవాళ్లకు బెంగ పట్టుకునేది. మచిలీపట్నంలో ఒంటబట్టిన ఆ అలవాటును నేను భద్రంగా న్యూజెర్సీ దాకా మోసుకొచ్చాను. (ఆవకాయ సీసా మాత్రం దారిలోనే పగిలింది.)

మా అపార్ట్‌మెంట్ కింద బేస్‌మెంట్‌లో హైతీ దేశం నుంచి వచ్చిన ఒకాయన ఉండేవారు. పగలు టాక్సీ నడిపేవారు, తీరిక దొరికితే ఆ గదిలోనే టేపు మిషను పెట్టి తన దేశం వాళ్ల పాటలు రికార్డ్ చేసేవారు. చప్పుడు ఎక్కువైందని చెప్పడానికి ఒకసారి కిందికి వెళ్లి, ఆయన గిటార్ విని, కాఫీ తాగి, చెప్పాల్సింది చెప్పకుండానే తిరిగొచ్చాను. అప్పటినుంచి నాకు ఆయన మాస్టారు, ఆయనకు నేను బ్రదర్.

అందరి పాటలూ రికార్డ్ చేసిన మాస్టారు తన సొంత పాట ఒక్కటీ చేసుకోలేదు. అది వాళ్లక్కగారే పాడాలని పట్టు. ఆవిడ ఉండేది కెనడాలో. ఒక ఆదివారం వచ్చారు, వస్తూ వస్తూ జలుబు కూడా తెచ్చుకున్నారు, సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లిపోవాలి. “అక్క గొంతు ఒక్కసారికే నిలుస్తుందట. నువ్వు కదలకుండా కూర్చో, బ్రదర్” అన్నారు మాస్టారు. కదలనన్నాను. నోటి సంగతి ఆయన అడగలేదు.

బయట మంచు పడుతోంది. ఆవిడ కళ్లు మూసుకుని పాట ఎత్తుకున్నారు. ఒక్క మాటా అర్థం కాలేదుగానీ అది వాళ్ల ఊరి సముద్రం గురించని మాస్టారు ముందే చెప్పారు. వింటూంటే ఆ నేలమాళిగలోకి ఉప్పుగాలి వచ్చినట్టే ఉంది. ఏ దేశంలో ఉన్నానో మరిచిపోయాను. చివరి చరణంలో ఆ గొంతు సన్నగా పైకి వెళ్లి, అక్కడే కాసేపు ఊగి, నెమ్మదిగా దిగుతూంటే నా చెయ్యి వెళ్లి తొడమీద పడింది, నోరు నిండుగా ‘ఆహా’ అంది.

పాట అయ్యాక మాస్టారు టేపు ఆపి తల పట్టుకున్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అక్కగారు మళ్లీ పాడబోతే దగ్గు తప్ప ఏమీ రాలేదు. “ఏమన్నావు నువ్వు?” అని నన్నడిగారు. “పాట బాగుంటే మా ఊళ్లో అలా అంటామండీ. ఆపుకోలేకపోయాను” అన్నాను. ఆవిడ టేపు వెనక్కి తిప్పించి, నా కేక దాకా విన్నారు. “ఊరు వదిలాక గోడలకు పాడుతున్నట్టే ఉండేది నాకు. ఆ ‘ఆహా’ను తీసేశావంటే ఊరుకోను” అని, నాకు అర్థం కావాలనేమో, తమ్ముడికి ఇంగ్లిష్‌లోనే చెప్పి కోటు తొడుక్కున్నారు. “సరే, కానీ రికార్డు అట్ట మీద నీ పేరు వెయ్యను, బ్రదర్” అన్నారు మాస్టారు.

ఆ రికార్డు బయటికొచ్చాక హైతీ వాళ్ల పెళ్లిళ్లలో ఆ చోటు రాగానే జనమంతా నాతోపాటు ‘ఆహా’ అనేవారట. ఇప్పుడు మా అమ్మాయి ఉండే అల్ఫారెట్టా అనే ఊళ్లో, తను తీసుకెళ్లే కచేరీల్లో నేను కిక్కురుమనకుండా కూర్చుంటాను, పాట అయ్యాక అందరితోపాటు చప్పట్లు కొడతాను. పాట మధ్యలో ఒళ్లు మరిచిపోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, వాడంటే కాస్త అసూయగా కూడా ఉంటుంది.