"ఊ, కానీ" కోసం కడపకు

"ఆ ఫ్యాను ఆపే. గరగరమంటాండాది," అనె.

"ఉడికిపోతావయ్యా, ఉండనీ," అంటి.

ఆసుపత్రిలో మా ఆయనా నేనూ ఆఖరున మాట్లాడుకునింది అంతే. కొన్నాళ్లు ఆ మాట చెవిలోనే ఉండె. ఆ తర్వాత మాట మిగిలె, గొంతు పాయె. ఎంత తలుచుకున్నా గొంతు రాలే. అందుకే కడపకు బయలుదేరితి.

నాకు సంతకం మించి రాదు. నేను చెప్తాంటే మా చెల్లెలి కూతురు సుజాత రాస్తాండాది. మా ఆయన పాటలు రికార్డు చేసేవాడు, పిల్లోళ్లకు ఆ పని నేర్పేవాడు. కర్నూల్లో మా నడిమింటి గోడలకు బొంతలు కొట్టి, దాన్నే స్టూడియో అనేవాడు. చెక్కభజనోళ్లు, చర్చి పాటలోళ్లు, పీర్ల పండగ పాటలోళ్లు, జోలపాటల ముసలమ్మలు, అందరూ ఆడికే వస్తాండ్రి. ఆయన "ఊ, కానీ" అంటేనే పాట మొదలు. ఆ మాట వినపడితే నేను పొయ్యి మీద కుక్కరు దించేస్తాంటి, టేపులో కూత పడకూడదని. బతుకంతా బొంతల ఇవతల నుంచి విన్న మాట అది. ఫోన్లో లేదా అని అందరూ అడుగుతారు. నాది బటన్ల ఫోను. ఆయన ఫోన్లో ఉండేవన్నీ ఊరోళ్ల పాటలే.

పొద్దున ఆరుకు కడప ఎక్స్‌ప్రెస్సు బస్సు ఎక్కితి. ఆడోళ్లు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు కొడతారు, కార్డు మర్చిపోవద్దండి. నంద్యాల్లో బస్సు ఆగితే ఉగ్గాని, బజ్జీ తింటి. పక్క సీట్లో అహోబిలం పొయ్యే ఆమె, యాడికి పోతాండావక్కా అని అడిగె. మా ఆయన గొంతు వినను పోతాండా అంటి.

"నీది బాగుండాదే. మా ఆయన గొంతు ఒక్కపూటన్నా ఆగాలని నేను నరసింహసామికి మొక్కను పోతాండా," అనె.

ఇద్దరమూ నవ్వితిమి. ఆళ్లగడ్డలో ఆమె దిగేటప్పుడు చెయ్యి పట్టుకుని, ఆ మొక్కు మొక్కొద్దులేమ్మా అంటి.

మైదుకూరు దాటినంక కిటికీలోంచి అంతా సెగ. పదకొండు దాటినంక కడప. బస్టాండు నుంచి ఆటోలో మాబాషా ఇంటికి పోతి. మా ఆయన దగ్గర మొదట పని నేర్చినోడు వీడే. కంప్యూటర్లోకి ఎక్కించమని టేపులన్నీ ఆయన బతికుండంగానే వీనికిచ్చె.

మాబాషా ఒక్కొక్క పాటా పెట్టె. జోలపాట వచ్చె. చర్చి పాట వచ్చె. పీర్ల పాట వచ్చె. నేను పాటకు ముందు చెవి పెడతాంటి. ఏమీ లేదు. టక్కున పాటే.

"ఊ, కానీ అనేది యాడరా?" అంటి.

వాని మొగం మాడిపాయె.

"సారే నేర్పినాడమ్మా. పాట పాడినోళ్లది, మన గొంతు దాంట్లో ఉండకూడదు, ముందూ వెనకా కోసెయ్యాల అని. అన్నీ శుభ్రం చేస్తిని."

అసలు టేపులు యాడ అంటే, బూజు పట్టి ఉండె, ఒక్కసారి తిప్పేసరికి రాలిపాయె, పారేస్తిమి అనె. సాయంత్రం దాకా వెతికె, యాడన్నా ఒక ముక్క మిగిలిందేమోనని. ఆఖరుకు ఒక పాటకు ముందు ఉత్త గది సద్దు దొరికితే, కండ్లు తుడుచుకుంటా, ఈ నిశ్శబ్దంలో సారు ఉండాడమ్మా అనె.

"నిశ్శబ్దం మా ఇంట్లో శానా ఉండాది నాయనా. దానికి కడప దాకా రావల్నా?" అంటి.

వాన్ని ఏమని తిట్టేది? ఆయన చెప్పింది చెప్పినట్ల చేసినాడు. అంత బాగా నేర్పకుండా ఉండాల్సింది ఆ మనిషి. మాబాషా పెండ్లాము సంగటి, పప్పు పెట్టె, రాత్రికి ఉండమనె. ఆరు గంటల తిరుగు బస్సులో కూచుంటి.

కడపకు పోవాలనుకునేవాళ్లు పోండి. పాటలు తేటనీళ్ల మాదిరి ఉండాయి, గింజంత గరగర లేదు. మా ఆయన పని వినాలంటే ఆడికే పోవాల. మా ఆయన్ను వినాలంటే మాత్రం ఏ బస్సూ పోదు.

ఇంగ చాలు సుజాతా. మొదట్నుంచి గట్టిగా చదువు. నేను దగ్గింది, తడబడింది, ముక్కు చీదింది ఏమన్నా కోసేసినావా? కోసేసింటే మళ్లీ పెట్టి చదువు.