గుండీలున్న మందారం

ఉపాధ్యాయ శిక్షణ కేంద్రంలో మేడమెట్ల కింద ఉన్న ఇరుకు గదిని అందరూ పూలగది అంటారు. అందులో పూలకుండీ ఒక్కటీ లేదు. కిటికీ పక్కన కుట్టుమిషను, గోడ పొడవునా గుడ్డపీలికల డబ్బాలు, బల్లమీద దూది గుట్ట, ఆ గుట్ట వెనుక కళ్లజోడు ముక్కు చివరికి జారిన ఒకావిడ. ఆమె ఎక్కడికి వెళ్లినా జడలోనో, భుజంమీదనో, చెవి వెనుకనో కొంత దూది ఆమె వెంటే వెళ్తుంది. అందుచేత అటెండరు మొదలు ప్రిన్సిపాలు దాకా ఆమెను దూదక్క అనే పిలుస్తారు.

బడుల్లో వృక్షశాస్త్రం చెప్పే టీచర్లకు కావలసిన నమూనాలు కుట్టడం ఆమె ఉద్యోగం. పెళ్లికి ముందు చొక్కాలు, గౌన్లు కుట్టి సంపాదించుకున్న పనితనం ఇక్కడ వేళ్లకూ, కాండాలకూ అక్కరకొచ్చింది. ఆమె చిక్కుడుగింజ తలగడంత ఉంటుంది. తొక్క విప్పితే బీజదళాల నడుమ బుల్లి మొక్క ముడుచుకుని నిద్రపోతూ కనిపిస్తుంది. దూరపు బడుల టీచర్లు బస్సెక్కి వచ్చి, వీటిని సంచుల్లో పెట్టుకుని తీసుకుపోతారు. పాఠం అయ్యాక తిరిగి ఇస్తారు. నమూనా ఏ స్థితిలో తిరిగి వచ్చిందో చూసి ఆ టీచరు గుణగణాలు ఇట్టే చెప్పగలనని ఆమె ధీమా.

అన్నింటిలోకీ ఆమెకు ప్రాణం మందారం. గొడుగంత పువ్వది. ఎర్ర వెల్వెట్ రేకలు, నడిమధ్య పొడుచుకొచ్చిన కేసరనాళం, దాని ఒంటినిండా పసుపు ఊలు ఉండలు, ఆ గొట్టంలోంచి దూరి వెళ్లే కీలం, అట్టడుగున అండాశయం. ఏ భాగానికి ఆ భాగం ఊడదీసి చూపి, మళ్లీ తగిలించవచ్చు. అందుకోసం ప్రతి రేక మొదట్లోనూ ఒక నల్లటి టిచ్ బటను కుట్టింది. పట్టి లాగితే టప్పుమని ఊడుతుంది. ఆ చప్పుడు కోసమైనా పిల్లలు చెవులప్పగించి పాఠం వింటున్నారని టీచర్లు మెచ్చుకునేవారు. ఆ మాటకు దూదక్క మురిసినంతగా తన పెళ్లినాడైనా మురిసి ఉండదు.

పరీక్ష పేపర్లు దిద్దడం ముగిసిన మర్నాడు మేడం పూలగదికి వచ్చారు. వృక్షశాస్త్ర విభాగానికి పెద్ద ఆవిడే. చేతిలో జవాబుపత్రాల కట్ట ఉంది.

"దూదక్కా, కూర్చో."

"కూర్చునే ఉన్నానండీ."

"అయితే లేవకు. ఈ బొమ్మ చూడు."

దూదక్క ముఖం విప్పారింది. "అబ్బ, ఎంత బాగా వేశాడండీ! అచ్చం మన పువ్వే."

"అదే నా ఏడుపు. అచ్చం మన పువ్వే. రేక మొదట్లో ఏముందో చూశావా?"

అక్కడ ఒక నల్లని చుక్క ఉంది. చుక్కనుంచి స్కేలు పెట్టి గీసిన గీత, గీత చివర ముత్యాలవంటి అక్షరాలతో 'గుండీ'. రెండో పత్రంలో దాని ఉపయోగం కూడా రాసి ఉంది: 'గుండీ ఆకర్షణ పత్రాలు గాలికి ఊడిపోకుండా కాపాడును.'

దూదక్కకు నవ్వొచ్చింది. మేడం ముఖం చూసి ఆపేసుకుంది.

"అందరూ ఇంతేనా అండీ?"

"నీ పువ్వు వెళ్లిన ప్రతి బడీ ఇంతే. ఒకమ్మాయైతే కాజా కూడా వేసింది."

"టిచ్ బటనుకు కాజా ఉండదండీ," అంది దూదక్క నొచ్చుకుంటూ.

"మందారానికి బటనే ఉండదమ్మా!" మేడం కుర్చీలో కూలబడ్డారు. "బడి కంచె నిండా మందారాలే. టీచర్లు వాటి ముఖమైనా చూడకుండా నీ వెల్వెట్ పువ్వుతో పాఠం ముగించేస్తున్నారు. ఈ గుడ్డ నమూనాలన్నీ స్టోరులో పడేద్దామంటున్నారు ప్రిన్సిపాలుగారు. నిన్నేమో మీటింగు హాలుకు కర్టెన్లు కుట్టమంటారట."

కర్టెన్లు! కేసరాలు కుట్టిన చేత్తో కర్టెన్లు.

"కొంచెం ఆగమన్నాను," అన్నారు మేడం, స్వరం తగ్గించి. "పువ్వును బాగుచెయ్యి. నేనే ఒక బడికి తీసుకెళ్తాను. అక్కడా గుండీలే గీశారో, ఇక నావల్ల కాదు."

ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారు బఠానీకాయలు ఒలుస్తున్నారు. దూదక్క సంగతంతా చెప్పి, "బటన్లు పీకేసి అయస్కాంతాలు పెడతా అత్తయ్యా," అంది.

"అప్పుడు అయస్కాంతాలు గీస్తారు."

"లోపలివైపు కుట్టేస్తే?"

"కుట్లు గీస్తారు. నువ్వంత అచ్చుగుద్దినట్టు కుడుతుంటే ఇంకో పువ్వు జోలికి ఎవరు పోతారే?" అని ఆవిడ ఒక కాయ ఎత్తి చూపారు. "ఇది చెప్పు. ఎన్ని గింజలు?"

అది ఆ ఇంట్లో పాత పందెం. ఓడినవాళ్లు గిన్నెలు తోమాలి.

"ఏడు."

అత్తగారు తీరిగ్గా కాయ విప్పారు. "ఆరు! గిన్నెలు నీవే తల్లీ."

దూదక్క ఊరుకోలేదు. ఇంకో కాయ లాక్కుంది. దాన్ని పైకెత్తి, వెలుతురుకు పెట్టి, వేలితో తడిమి, లెక్క తేలక చేయి అలాగే ఆగిపోయింది. మూసిన కాయ కనిపిస్తే విప్పి చూసేదాకా మనసు ఊరుకోదు. మరి తన పువ్వులో మూసినదంటూ ఏముంది? అన్నీ తానే విప్పి, తానే చూపించేస్తోంది.

మర్నాడు ఆమె అండాశయం కుట్లు విప్పి, లోపల ఎంతో ఓపికగా అమర్చిన గదులన్నీ ఊడదీసింది. అది ఉత్త సంచి అయింది. ఇన్నేళ్లూ పూర్తిగా కుట్టడమే పనితనమనుకున్న చేతులు, ఆ ఖాళీని అలాగే వదిలేయడానికి చాలాసేపు ఒప్పుకోలేదు. గోడలకు పనికొచ్చే గుడ్డపట్టీలు, అండాలకు తెల్లపూసలు కావలసినదానికన్నా ఎక్కువే ఒక విడిసంచిలో పోసి మేడం ముందు పెట్టింది.

"ఇదేమిటి, లోపలేమీ లేదు?"

"గదులెన్నో పిల్లల్నే పందెం కాయమనండి. తర్వాత నిజం పువ్వు కోసి చూసుకుని, వాళ్లే నింపుతారు."

"మరి ఆ బటన్లు? అలాగే ఉంచావే!"

"ఉంచానండీ. నిజం పువ్వు చూశాక ఎవరు గీస్తారో చూద్దాం."

"నీ కర్టెన్లు నువ్వే కొని తెచ్చుకుంటున్నావు," అన్నారు మేడం.

ఇద్దరూ కలిసి బడికి వెళ్లారు. గుడ్డ పువ్వు అండాశయం ఖాళీగా ఉందని, లోపల గదులెన్నో పందెం కాయాలని తెలియగానే తరగతి గోలగోలైంది. మూడంటే మూడు, పదంటే పది. ఆ రభస భరించలేక క్లాసు టీచరు, "ఐదర్రా!" అని ఉన్నమాట చెప్పేశారు.

"టీచర్, మీరు కోసి చూశారా?" అంది ముందు బెంచీ పిల్ల.

టీచరు కిటికీలోంచి కంచె వైపు చూశారు. మరుక్షణం తరగతి మొత్తం కంచె దగ్గరుంది.

పువ్వులు లోపలికి వచ్చాయి. రేక పట్టి లాగిన ఒక పిల్లవాడు, "టప్పుమనలేదేంటి?" అని నిష్ఠూరమాడాడు. "రేకతోపాటు గొట్టం కూడా ఊడొచ్చింది టీచర్!" అని మరొకడు కేకేశాడు. టీచరు బ్లేడుతో అండాశయాన్ని అడ్డంగా కోసి ఇవ్వగా, భూతద్దం చేతులు మారింది. ఐదు గదులు! పది అన్నవాడు మాత్రం, "ఇది చిన్న పువ్వు కాబట్టి," అని ఇంకో పువ్వు కోయించుకుని మరీ ఓడిపోయాడు.

గుడ్డ పువ్వులో పట్టీలతో, పూసలతో ఐదు గదులూ నింపాక బొమ్మలు వేశారు. మేడం బెంచీ బెంచీకీ తిరుగుతుంటే, దూదక్క వెనుకే నడిచింది. గుండీ లేదు. ఇక్కడా లేదు. చివరి బెంచీ దగ్గర మేడం ఆగిపోయారు. రేక మొదట్లో నల్లని చుక్క!

దూదక్క కళ్లముందు కర్టెన్లు రెపరెపలాడాయి.

మేడం కళ్లజోడు సవరించుకుని వంగారు. చుక్కకు కాళ్లున్నాయి. స్కేలు పెట్టి గీసిన గీత చివర 'చీమ' అని ఉంది.

"చీమను ఎందుకు వేశావురా?" అన్నారు మేడం.

"నా పువ్వులో ఉంది మేడం."

మేడం నవ్వాపుకోలేక దూదక్క వైపు తిరిగారు. "ప్రిన్సిపాలుగారికి చెప్తాను, కర్టెన్లు దర్జీకి ఇచ్చుకోమని. నీ దగ్గర నల్ల ఊలుందా?"

"ఎందుకండీ?"

"ఎందుకేమిటి! పువ్వులోకి చీమను కుడతానంటావేమో, ముందు దాన్ని దాచేద్దామని."

దూదక్క చెవి వెనుక దూది సర్దుకుని, తల అటు తిప్పుకుంది. నిజానికి చీమకు కాళ్లు ఏ తీగతో చెయ్యాలా అని అప్పటికే ఆలోచిస్తోంది.