నాలుగో రంగు

కలకత్తాలో నేనూ, మా అక్కా పనిచేసిన పిల్లల బట్టల దుకాణం పెత్తనం యజమాని కోడలి చేతికి వచ్చింది. బొంబాయిలో డిజైను చదివొచ్చిన మనిషి. మేమంతా బౌదీ అనేవాళ్లం, అంటే వదిన. వచ్చీ రాగానే దుకాణాన్ని మూడు రంగుల్లోకి దింపింది. గోడలు పాలతెలుపు, బీరువాలు బూడిదరంగు, ఎరుపు మాత్రం చిటికెడు. మెటియాబ్రుజ్ పేట దర్జీలు కుట్టి పంపే ఫ్రాకుల కాలరుకి ఎర్ర అంచు, కాగితం సంచికి ఎర్ర తాడు. "ఎరుపు ఎక్కువైతే పార్టీ ఆఫీసులా ఉంటుంది" అని నవ్వేది. ఊరంతా ఎర్రజెండాల రోజులవి, మేమూ నవ్వేవాళ్లం. మాకు బూడిదరంగు చీరలు, తెల్ల జాకెట్లు ఇచ్చింది. నిజం చెప్పాలంటే దుకాణం అందంగానే తయారైంది.

అక్కకి అప్పుడు ఏడో నెల. మావి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖిదిర్‌పూర్ డాకులో, అంటే ఓడలరేవులో, పనిచేసుకునే కుటుంబాలు. సీమంతం చేసి అక్క రెండు చేతులకీ నిండా ఆకుపచ్చ గాజులు తొడిగారు. పురుడయ్యేదాకా తీయకూడదని వాళ్ల అత్తగారు అందరి ముందూ చెప్పింది.

దుకాణం కొత్తగా తెరిచే రోజు ఫొటోలు తీయడానికి మనిషొచ్చాడు. బౌదీ అక్కని గుమ్మం దగ్గర నిలబెట్టి, కాస్త వెనక్కి జరిగి చూసి, మొహం చిట్లించింది.

"అవి తీసెయ్యి," అంది బెంగాలీలో.

"కడుపుతో ఉన్నాను బౌదీ, తీయకూడదు."

"నాలుగో రంగు కనబడితే అందరి చూపూ దాని మీదికే పోతుంది. మా ఆడవాళ్లవి చూడు, ఎంత శుభ్రంగా ఉంటాయో!"

తన చేతులు చాపింది. బెంగాలీ ముత్తయిదువలు వేసుకునే తెల్ల శంఖం గాజు, పక్కనే ఎర్రగాజు. ఆవిడ ముత్తయిదువతనం ఆవిడ రంగుల్లో ఒదిగిపోయింది. మాది ఒదగలేదు.

"అక్కని వెనక గదిలో ఉంచండి, నేను నిలబడతాను," అన్నాను.

"నీ మొహం ఎవరు చూస్తారు? తను ఉండాలి. లేదంటే రేపట్నుంచి ఇద్దరూ రావద్దు."

డాకులో బావకి పని సరిగ్గా దొరకని రోజులు. అక్క చేతులు చాపింది. బౌదీ కోపమేమీ లేకుండా సబ్బునీళ్లు తెప్పించి, తన చేత్తోనే ఒక్కో గాజూ జార్చింది. నీరు పట్టి వాచిన చేతులు. రాని గాజుల్ని కత్తెర పిడితో పగలగొట్టింది. మాలో గాజులు పగలగొట్టేది మొగుడు పోయినప్పుడే.

"కదలకు, ముక్కలు ఫ్రాకుల మీద పడతాయి," అంది.

అక్క మణికట్టు మీద రక్తం చుక్క పొడిచింది. బౌదీ దాన్ని దూదితో అద్ది, ఫొటోలవాడికి చూపించింది. "నాకు కావలసిన ఎరుపు ఇదే." ఇద్దరూ నవ్వుకున్నారు.

సాయంత్రం నేనే అక్కని ఇంటికి తీసుకెళ్లాను. అత్తగారు గుమ్మంలోనే ఆపింది.

"గాజులేవే?"

"తీసీమన్నారత్తా. నేకపోతే పని పోతాదని..."

"నా కొడుకు బతికుండగానే సేతులు బోడి సేసుకొచ్చావేటే? పని కోసం మొగుణ్ణి సంపీసుకుంతావా?"

"ఆవిడే తీసీసింది. అక్క తప్పేటుంది?" అన్నాను.

"నువ్వు నోరు మూసుకోని మీ యింటికెల్లు."

బావ లోపల అన్నం తింటున్నాడు. తలెత్తలేదు. చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి అక్క చేతులు చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. అనుంటే బాగుండేది.

అక్కకి ఆడపిల్ల పుట్టింది, నిక్షేపంగా ఉంది. అత్తగారు ఆసుపత్రికి రాలేదు. కొన్నాళ్లకి అక్క పనిలోకి వస్తానంటే బౌదీ ఒప్పుకోలేదు. "పాలిచ్చే మనిషి. బూడిదరంగు చీర మీద తడి మరకలు కనబడతాయి," అంది. ఆ మాట అక్కకి నేనే మోసుకెళ్లాను. అక్క సరేనని, మెటియాబ్రుజ్ నుంచి గుండీలు కుట్టే పని తెచ్చుకుంది.

అత్తగారు మెల్లగా పిల్లని చేరదీసింది. నీళ్లు పోసేది, ఒళ్లో పడుకోబెట్టుకునేది. అక్కతో మాత్రం మాట్లాడేది కాదు. ఆకలేస్తే ఒళ్లోని పిల్లకే చెప్పేది, "మీ యమ్మని కూడెట్టమను" అని. పిల్లకి అప్పటికింకా మాటలు రాలేదు. అక్క లేచి కంచం పెట్టేది.